2025–26 వార్షిక నివేదిక: ఇంటింటి డిజిటల్ భద్రత కార్యక్రమం

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

మురుగు కాలువలు, వీధి దీపాలు, బతుకమ్మ ఏర్పాట్లు, పార్కు మరమ్మతులు అన్నీ ప్రధాన నివేదికలో ఉన్నాయి. ఫోన్లు, కంప్యూటర్లు, మెయిళ్ల భద్రత కోసం ఈ ఏడాది సంఘం చేసిన పని గురించి మాత్రం విడిగా రాయాలని కార్యవర్గం నిర్ణయించింది. ఎందుకో ముందు చెప్పాలి.

అంతకుముందు ఏడాది మన హనుమకొండ కాలనీ సభ్యుల్లోనే ఒకరు మోసపోయారు. ఆ సంగతి నాలుగు రోజులపాటు ఇంట్లో భార్యకు కూడా చెప్పలేదు. "ఇంత చదువుకొని, ఇంత నౌకరి చేసి, గిట్ల మోసపోయిండంటే నలుగురు నవ్వుతరు" అని ఆయన భయం. మాకు తెలిసి, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయించేసరికి డబ్బు చేయిదాటిపోయింది. మోసగాళ్లు కొట్టేసిన సొమ్మును ఒక్క ఖాతాలో ఉంచరు. కమీషన్‌కు ఆశపడి ఎవరెవరో అద్దెకిచ్చిన ఖాతాల్లోకి నిమిషాల్లో ముక్కలు ముక్కలుగా పంపేస్తారు. పోలీసులు మ్యూల్ ఖాతాలు అనేది వీటినే. 1930కి ఫిర్యాదు అందగానే ఆ గొలుసులో డబ్బు ఎక్కడుంటే అక్కడ ఆపమని బ్యాంకులకు కబురు వెళ్తుంది. అప్పటికి ఖాతాలో మిగిలి ఉన్నదే ఆగుతుంది, బయటికి తీసేసుకున్నది ఆగదు. ఆయన నాలుగు రోజులు మింగుకున్న బాధే ఆ డబ్బును దూరం చేసింది. మోసపోయినవారు సిగ్గుపడకుండా వచ్చి చెప్పుకునే చోటు కాలనీలో ఒకటి ఉండాలని మేము పట్టుబట్టడానికి కారణం అదే.

ఆదివారం బల్ల

ప్రతి నెలా రెండో ఆదివారం పొద్దున పది నుంచి ఒంటిగంట వరకు కమ్యూనిటీ హాల్లో బల్ల వేసి కూర్చున్నాం. మొదటి నెల ప్రొజెక్టర్ పెట్టి గంటసేపు చెప్పాం. అందరూ శ్రద్ధగా విన్నారు, వారం తర్వాత అడిగితే ఒక్కటీ గుర్తులేదు. రెండో నెల నుంచి ప్రొజెక్టర్ పక్కనపెట్టి, ఒక్కొక్కరి పక్కన కూర్చొని వాళ్ల ఫోన్ వాళ్ల చేతిలోనే ఉంచి, వాళ్ల వేలితోనే నొక్కించాం. ఈ ఏడాది మేము తీసుకున్న నిర్ణయాల్లో ఇంతకన్నా మంచిది లేదు. ఇంజినీరింగ్ చదివే మన పిల్లలు నలుగురు, బ్యాంకులో పనిచేసి రిటైరైన సభ్యులొకరు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మన కాలనీ ఆడపడుచు ఒకరు ఈ పనికి తమ ఆదివారాలిచ్చారు. వారికి సంఘం తరఫున కృతజ్ఞతలు.

మెయిల్ దగ్గరే అసలు తాళం

బల్ల దగ్గర ఎక్కువ సమయం పట్టింది మెయిల్‌కే. చాలా ఇళ్లలో జీమెయిల్ ఖాతా ఎలా పుట్టిందంటే, ఫోన్ కొన్నరోజు షాపులో కుర్రాడే తెరిచి, పాస్‌వర్డ్ తనే పెట్టి చేతికిచ్చాడు. ఆ పాస్‌వర్డ్ ఏమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు. కానీ ఫొటోలు, ఫోన్ నంబర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పాన్, ఆధార్ కాపీలు అన్నీ అందులోనే ఉంటాయి. పైగా వేరే ఏ ఖాతా పాస్‌వర్డ్ మరచిపోయినా కొత్తది పెట్టుకునే లింకు వచ్చేది ఆ మెయిల్‌కే. ఇంటి తాళాలన్నీ వేలాడే గుత్తి అది.

రిటైరైన ఒక టీచరమ్మ సంగతి చెబుతాను, ఆమె అనుమతితోనే. జూలైలో పాత నోటుబుక్కు పట్టుకొని వచ్చారు. మొదటి పేజీలో మనవడి పుట్టినరోజు, దాని పక్కన మనవడి పేరు, అదే పాస్‌వర్డ్, అన్ని ఖాతాలకూ అదే. ఖాతాలోకి వెళ్లి భద్రత పేజీ తెరిపించాం. రికవరీ నంబరుగా ఉన్నది ఆమె ఎప్పుడో రీఛార్జి మానేసిన సిమ్. రద్దయిన నంబరును టెలికాం కంపెనీలు 90 రోజుల తర్వాత వేరేవాళ్లకు ఇవ్వవచ్చు. అంటే ఆమె మెయిల్‌ను తెరిచే కోడ్ ముక్కూమొహం తెలియని మనిషి ఫోన్‌కు పోయే అవకాశం ఉందన్నమాట. కిందికి జరిపితే, రెండేళ్ల కిందట మార్పిడికి ఇచ్చేసిన పాత ఫోన్ ఇంకా లాగిన్‌లోనే కనిపించింది. టీచరమ్మ కళ్లజోడు సవరించుకొని ఆ ఫోన్ పేరు రెండుసార్లు చదివారు. "ఇది నేను అమ్మేసిన ఫోనే కదా బిడ్డా" అన్నారు.

ఆ పూట చేసిన పనులివి. పాత ఫోన్‌ను ఖాతా నుంచి తీసేశాం. రికవరీ నంబరు మార్చాం, రికవరీ మెయిల్‌గా కూతురిది పెట్టాం. పాస్‌వర్డ్‌గా ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాయించాం. ఊళ్లో వాళ్ల పెరట్లోని చెట్టు పేరు ఒకటి, మిగతావి ఆమె మనసులో తోచినవి. అలాంటి పాస్‌వర్డ్ పొడుగ్గా ఉంటుంది, గుర్తూ ఉంటుంది. రెండంచెల ధ్రువీకరణ, అంటే పాస్‌వర్డ్‌తో పాటు మరో కోడ్ కూడా అడిగే పద్ధతి పెట్టి, ఫోన్ చేతిలో లేనప్పుడు వాడుకోవడానికి గూగుల్ ఇచ్చే పది బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద ప్రింట్ తీయించాం. ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది. ఆ కాగితాన్ని ఇంటి పత్రాలతో పాటు బీరువాలో పెట్టుకున్నారు. నోటుబుక్కు పారేయమని మేము అనలేదు. ఇంట్లో బీరువాలో ఉన్న పుస్తకం కన్నా, అన్ని ఖాతాలకూ ఒకే పాస్‌వర్డ్ ఉండటమే ఎన్నోరెట్లు ప్రమాదం.

చిన్న వ్యాపారం చేసే సభ్యులకు మరొక సంగతి. మెయిల్ సెట్టింగుల్లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు అనే రెండు చోట్లు తప్పకుండా చూసుకోండి. ఎవరైనా ఒక్కసారి లోపలికి చొరబడి, వచ్చే ప్రతి మెయిల్ కాపీ తమకు పోయేలా అక్కడ పెట్టిపోతే, పాస్‌వర్డ్ మార్చినా ఆ కాపీలు పోతూనే ఉంటాయి. బిల్లు పంపిన మరునాడు "మా బ్యాంకు ఖాతా మారింది" అంటూ మీ పేరుతో మీ కొనుగోలుదారుకు దొంగ మెయిల్ వెళ్లడానికి ఒక దారి ఇదే.

కంప్యూటర్‌లో మెయిల్ ప్రోగ్రామ్ వాడే పెద్దవాళ్లు కొందరు "పాస్‌వర్డ్ కరెక్టే, అయినా తీసుకుంటలేదు" అంటూ వచ్చారు. పాత పద్ధతిలో ఉత్త పాస్‌వర్డ్‌తో లాగిన్ కావడాన్ని గూగుల్ మామూలు ఖాతాలకు 2022 మే 30 నుంచి ఆపేసింది. ప్రోగ్రామ్‌ను కొత్త వెర్షన్‌కు మార్చి గూగుల్ పేజీ ద్వారానే లాగిన్ కావాలి. ప్రోగ్రామ్ మరీ పాతదైతే రెండంచెల ధ్రువీకరణ పెట్టుకొని ఆ ప్రోగ్రామ్ కోసమే గూగుల్ ఇచ్చే 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. ప్రోగ్రామ్ మెయిళ్లు తెచ్చుకునే రెండు పద్ధతులైన పాప్, ఐమ్యాప్ తేడా కూడా చాలామంది అడిగారు. పాప్ పద్ధతిలో ఉత్తరాలు సర్వర్ (మెయిల్ కంపెనీ కంప్యూటర్) నుంచి దిగి మీ కంప్యూటర్‌కు వచ్చేస్తాయి, సర్వర్‌లో కాపీ ఉంచమని చెప్పకపోతే అక్కడ మిగలవు. ఐమ్యాప్‌లో ఉత్తరాలు సర్వర్‌లోనే ఉంటాయి, ఫోన్‌లో చదివినా కంప్యూటర్‌లో చదివినా అవే కనబడతాయి. పాప్ పెట్టుకున్న ఒక సభ్యుడి హార్డ్ డిస్క్ వానాకాలంలో పిడుగుపాటుకు పోయింది, దానితో పాటు ఏళ్ల తరబడి దాచుకున్న ఉత్తరాలూ పోయాయి. కొడుకు విదేశం వెళ్లిన కొత్తలో రాసినవీ అందులోనే ఉన్నాయి. మిగిలినవాళ్లందరికీ ఐమ్యాప్ పెట్టించాం. జీమెయిల్‌లో ఉచితంగా ఇచ్చే 15 జీబీ నిండిపోతే కొత్త మెయిళ్లు రావడం ఆగిపోతుందని కూడా గుర్తుంచుకోండి. నిండేది ఎక్కువగా ఫొటోలతోనే.

తలుపు కొట్టిన చప్పుడు

నవంబర్‌లో ఒక మధ్యాహ్నం మన మూడో వీధిలో జరిగిన సంగతి సభ్యులందరూ తెలుసుకోవాలి. ఒక పెద్దాయన ఇంట్లో ఒక్కరే ఉన్నారు. మొదట ఫోన్ వచ్చింది, మీ పేరుతో వచ్చిన పార్సిల్‌లో మత్తుమందులు దొరికాయని. తర్వాత వీడియో కాల్, అందులో యూనిఫాంలో మనిషి, వెనక గోడకు జెండా. "మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు, కాల్ కట్ చేయొద్దు, ఎవరితో మాట్లాడొద్దు" అన్నాడు. పొద్దున పచ్చడి పంపిన డబ్బా తీసుకుపోదామని ఎదురింటి ఆవిడ వచ్చి తలుపు కొట్టారు. తీయలేదు. లోపల మాటలు వినబడుతున్నాయి, మనిషి రావడం లేదు. ఆవిడ వదల్లేదు.

"సార్, ఏమైంది? తలుపు తీయుండ్రి."

కాసేపటికి తలుపు ఓరగా తెరిచి, ఫోన్ ఛాతీకి అదుముకొని, "తర్వాత రా బిడ్డా" అన్నారట. ముఖమంతా చెమట. ఆవిడ లోపలికి నడిచి, "ఫోన్ నాకియ్యండి సార్" అని తీసుకొని కట్ చేశారు. డబ్బు పోలేదు. కానీ సాయంత్రం దాకా ఆయన చేతులు వణుకుతూనే ఉన్నాయి.

మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. ఏ పోలీసూ, ఏ సీబీఐ, ఏ కోర్టూ వీడియో కాల్‌లో మనిషిని అరెస్టు చేయవు, డబ్బు వేయమనవు. ప్రధానమంత్రి కూడా 2024 అక్టోబర్ 27న మన్ కీ బాత్‌లో ఇదే చెప్పారు: ఆగండి, ఆలోచించండి, ఆ తర్వాత చర్య తీసుకోండి అని. ఆ పెద్దాయనకు ఈ సంగతి తెలియక కాదు, మా బల్ల దగ్గరికి రెండుసార్లు వచ్చినవారే. భయం ముందు తెలిసింది కూడా మరుగున పడిపోయింది. మనిషిని ఒంటరిని చేయడమే ఆ మోసానికి ప్రాణం. పక్కింటి చప్పుడు దాన్ని తెంపేసింది. ఆ వారమే కార్యవర్గం ఒక తీర్మానం చేసింది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇళ్లకు అటూఇటూ ఉన్న రెండిళ్లవారు రోజుకొకసారి పలకరించాలి, తలుపు తీయకపోతే వదిలి వెళ్లకూడదు. ఇప్పటిదాకా ఇది సాగుతోంది. ఈ నివేదికలో నాకు అన్నిటికన్నా సంతోషమిచ్చే వాక్యం ఇదే.

మిగతా పనులు

విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. మన ఇళ్లలో కొత్త కంప్యూటర్లను విండోస్ 11కు మార్చాం. దానికి సరిపోని పాతవాటికి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగుల బ్యాకప్ పెట్టుకుంటే డబ్బు కట్టకుండా 2026 అక్టోబర్ 13 వరకు వచ్చే అదనపు అప్‌డేట్లను పెట్టించాం. వాటి సంగతి ఆలోగా మళ్లీ తేల్చుకోవాలి. "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని తెర నిండా కనిపిస్తే ఫోన్ చేయకండి, బ్రౌజర్ మూసేయండి. మూతపడకపోతే పవర్ బటన్ నొక్కి పట్టుకోండి.

శ్రావణమాసం పెళ్లిళ్లలో వాట్సాప్‌కు ఏపీకే ఫైలు రూపంలో శుభలేఖ వచ్చింది. ఒక సభ్యుడు తెరిచారు, అది ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడిగింది, ఇచ్చారు. మరుక్షణమే ఆయన నంబరు నుంచి కాలనీ గ్రూపులోకి అదే శుభలేఖ వచ్చిపడింది. వెంటనే ఇంటర్నెట్ ఆపించి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పించి, ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేశాం. శుభలేఖ ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది. ఏపీకే అంటే యాప్, అది ఎవరు పంపినా ముట్టుకోకండి. చలాన్ పేరుతోనో పీఎం కిసాన్ పేరుతోనో వచ్చినా అంతే.

యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పిన్ కొట్టామంటే మన డబ్బు పోతున్నట్టే. బ్యాంకు నంబరు గూగుల్‌లో వెతకకండి, కార్డు వెనక చూసుకోండి. రిజర్వ్ బ్యాంకు ఆదేశంతో 2025 అక్టోబర్ 31 కల్లా బ్యాంకుల వెబ్‌సైట్లు డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌తో ముగిసే చిరునామాలకు మారాల్సి వచ్చింది. నెట్ బ్యాంకింగ్ తెరిచే ముందు ఆ చివర చూడండి.

మన తప్పు లేకుండా, బ్యాంకు తప్పూ లేకుండా, వ్యవస్థలో మరెక్కడో జరిగిన లోపంతో డబ్బు పోతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు ఫిర్యాదు చేస్తే నష్టం మన మీద పడకూడదని 2017 జూలై 6 నాటి రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ చెప్పింది. ఆ సర్క్యులర్ ప్రకారం, ఓటీపీ మనమే చెబితే, ఫిర్యాదు చేసేదాకా పోయిన డబ్బు నష్టం మనమే భరించాలి. ఒక సభ్యురాలికి బ్రాంచిలో "రేపు రండి" అన్నారు. బ్యాంకులో పనిచేసి రిటైరైన మన సభ్యులు వెంట వెళ్లి రాతపూర్వక ఫిర్యాదు ఇప్పించి, అందినట్టు ముద్ర వేయించుకొచ్చారు. ఆ ముద్ర ఉన్న కాగితం చాలా ముఖ్యం.

మా లోపాలు

కాలనీ గ్రూపులో సెప్టెంబర్‌లో కార్యవర్గం తరఫున ఒక తప్పు సందేశం వెళ్లింది. ఏటీఎం పిన్ తిరగేసి కొడితే పోలీసులకు సమాచారం వెళ్తుందని. అది నిజం కాదు. సరిచూడకుండా పంపినందుకు క్షమాపణ కోరుతున్నాం. ఇకనుంచి ఇద్దరు చూశాకే భద్రతా సందేశాలు పంపుతాం.

అంతకన్నా పెద్ద లోపం, వాచ్‌మన్ కుటుంబాలు, ఇళ్లలో పనిచేసే అమ్మలు ఏడాదిలో ఎక్కువకాలం ఈ పనికి బయటే ఉండిపోయారు. ఆదివారం పొద్దున వాళ్లకు పని ఉంటుందని మాకు ముందే తట్టలేదు. ఫిబ్రవరి నుంచి బుధవారం సాయంత్రం కూడా కూర్చుంటున్నాం. చాలామంది ఫోన్లలో టెలికాం శాఖవారి సంచార్ సాథి తెరిచి వాళ్ల పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూపించాం. తమకు తెలియని నంబరు కనబడినవాళ్లు అక్కడే ఫిర్యాదు పెట్టారు.

ఖర్చు స్వల్పం. 1930 నంబరు, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ చిరునామా పెద్ద అక్షరాలతో ముద్రించి లామినేషన్ చేయించిన కార్డులకు, బ్యాకప్ కోడ్‌ల ప్రింట్లకు కలిపి 3,240 రూపాయలు అయ్యాయి. రసీదులు కోశాధికారి దగ్గరున్నాయి. కార్డు అందనివారు అడిగి తీసుకోండి, ఫ్రిజ్ తలుపుకు అంటించండి, దిండు కింద పెట్టుకోకండి.

ఏప్రిల్ రెండో ఆదివారం బల్ల దగ్గర ఒక్కటే పని పెట్టుకున్నాం: ఆధార్ బయోమెట్రిక్ లాక్, అంటే మన వేలిముద్రలను ఆధార్‌లో ఎవరూ వాడలేకుండా తాళం వేయడం. రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రల నకళ్లతో ఖాతాల్లో డబ్బు తీసిన కేసులు మన తెలుగు రాష్ట్రాల్లో జరిగాయి కాబట్టి ఇది అత్యవసరం. ఆధార్‌కు జోడించిన సిమ్ ఉన్న ఫోన్, ఛార్జర్, కళ్లజోడు తెచ్చుకోండి. నడవలేనివారు ముందురోజు కార్యాలయంలో చెబితే మన పిల్లలే ఇంటికి వస్తారు.

ఇట్లు,
కార్యదర్శి
కార్యవర్గం తరఫున