జవాను ఉత్తరాలకు లామినేషనా?

సంపాదకుల వారికి,

విజయ్ దివస్ (1971 యుద్ధ విజయ దినం) సందర్భంగా పెట్టిన జవాన్ల ఉత్తరాల, పతకాల ప్రదర్శనకు "అపూర్వ స్పందన" అని గత వారం ఫొటోతో సహా వేశారు. ఆ ఫొటోలోనే కిటికీ ఎండ నేరుగా ఉత్తరాల మీద పడుతోంది, చూసుకున్నారా? అందరూ చప్పట్లు కొట్టేశాక రాయడం ఆలస్యమే. కానీ ఆ బల్లలు ఇంకా తీయలేదట, అందుకే ఈ నాలుగు ముక్కలు.

1971 యుద్ధంలో తూర్పు సరిహద్దు నుంచి మన పల్లెలకు వచ్చిన ఇన్‌లాండ్ కవర్లవి, అంటే రాసిన కాగితాన్నే మడిచి కవరులా అంటించే ఉత్తరాలు. యాభై ఏళ్ళు ట్రంకు పెట్టెల్లో చెక్కుచెదరలేదు. నిర్వాహకుల చేతిలో పది రోజులు చాలాయి. కొన్నిటికి లామినేషన్ చేయించారు, కొన్నిటిని థర్మోకోల్ అట్టకు జిగురుతో అంటించారు. లామినేషన్ అంటే వేడికి కరిగిన ప్లాస్టిక్ కాగితం పీచులోకి ఇంకడం. ఇక ఊడదీయడం మన తరం కాదు. ఇన్‌లాండులో జాగా చాలక జవాన్లు ఆఖరి మాట మడత రెక్క మీద, అంచు పక్కన అడ్డంగా రాసేవారు. ఆ మాట కాస్తా అట్ట పాలయింది. చిరిగిన మడతలకు సెలోటేపు వేశారు. కొన్నేళ్ళకు టేపు ఊడిపోతుంది, దాని జిగురు మాత్రం పసుపు మరకలా కాగితంలో ఉండిపోతుంది.

యుద్ధరంగం నుంచి రాసే ఉత్తరంలో ఎక్కడున్నదీ రాయకూడదు. ఫీల్డ్ పోస్టాఫీసు ముద్రలోనూ అంకె, తేదీ తప్ప ఊరి పేరుండదు. ఆ రెండూ పట్టుకునే ఏ దళం ఆ రోజు ఎక్కడుందో తేల్చుకోవాలి. సరిగ్గా ఆ ముద్ర ఉన్న పక్కకే జిగురు పూశారు! "99 ఏపీఓ" (ఆర్మీ పోస్టాఫీసు) అని ఉంటే "99వ రెజిమెంటు" అని చీటీ పెట్టారు. అది కలకత్తా మీదుగా తూర్పు దళాలకు వెళ్ళే టపా చిరునామా అని ఏ రిటైర్డు సుబేదారునడిగినా చెప్పేవాడు. ఇంకో ఘనకార్యం, "చి.ల.సౌ." (చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి) అని మొదలైన ఉత్తరాన్ని "చిలాసౌ అనే మహిళకు" అని ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ అచ్చువేయడం. ఉభయకుశలోపరి ఎవరో మాత్రం పాపం తేల్చుకోలేకపోయారు.

మన ఒడిశాలోని గంజాం, కోరాపుట్ 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. ఆనాటి తెలుగు కాగితాలు చదివే గుమస్తా ఏడీ అంటే పోస్టు మంజూరు కాలేదంటారు. చి.ల.సౌ. చదవడానికి పోస్టెందుకండీ? వీధిలో ఏ ముసలమ్మనడిగినా సరిపోయేది. అడగడం నామోషీ.

పతకాలనైతే ఇత్తడి చెంబుల్లా చింతపండు పెట్టి తోమారు. పతకం అంచు మీద జవాను నంబరు, పేరు ఉంటాయి. అవి అరిగితే అది ఎవరిదో చెప్పే సాక్ష్యం ఉండదు. మెత్తటి పొడిగుడ్డతో తుడిస్తే చాలు. మెరవకపోతే కొంపలేం మునగవు.

ఇంకా అంటించనివి మిగిలుంటే ఈరోజే దించండి. రెక్కలతో సహా రెండు వైపులా 300 డీపీఐకి తగ్గకుండా స్కాన్ చేసి నకళ్ళు పెట్టండి. అసలుదే చూపించి తీరాలంటే వెలుతురు 50 లక్స్ (కాంతి కొలత) దాటకూడదు. కిటికీ ఎండ దానికి వందల రెట్లు, నీలం సిరాకు అదే మృత్యువు. గుండుసూదులు తీసేయండి, వాటి తుప్పు కాగితాన్ని తినేస్తుంది. రబ్బరు బ్యాండ్లూ అంతే, ఎండి అతుక్కుపోతాయి. అంటించిన వాటిని తడిపి పీకే తెలివి మాత్రం దయచేసి చూపించవద్దు. కాపీయింగ్ పెన్సిలుతో రాసిన అక్షరాలకు తడి తగిలిందా, ఊదారంగుగా అలుక్కుపోతాయి. వాటిని కాగితాల మరమ్మతు తెలిసినవారికే అప్పగించాలి. తిరిగిచ్చేటప్పుడు ప్లాస్టిక్ వాసన కొట్టే పీవీసీ కవర్లు వద్దు, పాలిస్టర్ కవర్లు వాడండి. కలరా ఉండలు వాటి పక్కన పడేయకండి.

అన్నట్టు, ఉత్తరాలు తీసుకున్నప్పుడు ఏ ఇంటికీ రశీదు ఇవ్వలేదు. ఏ ఇంటి నుంచి ఎన్ని కవర్లు, ఎన్ని పతకాలు తెచ్చారో జాబితా రాసి హాలు తలుపుకు అంటించమనండి. దానికి ఎంత జిగురు పూసుకున్నా అభ్యంతరం లేదు.

– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా