షోకాజ్ నోటీసుకు జవాబు రాయించిన నలుగురికి నా దండాలు

నిన్న సాయంత్రం జాయినింగ్ ఆర్డర్ చేతికొచ్చింది. నాయన ఆ కవర్‌ని తీసుకెళ్లి నేరుగా దేవుడి పటాల ముందు పెట్టాడు. నాకు మాత్రం మూడుసార్లు చదివితే గానీ నమ్మకం కుదరలేదు, ఎందుకంటే నాలుగు నెలల కిందట అదే ఆఫీసు నుంచి అదే ఖాకీ కవర్‌లో వచ్చిన ఉత్తరం చదివి ఇదే వసారాలో కూలబడిపోయాను. అప్పుడు నన్ను లేపి నిలబెట్టినవాళ్లకు ఫోన్లు చేసి చెప్పాను కానీ మనసు నిండలేదు, అందుకే అందరి ముందూ రాస్తున్నాను. పేర్లు వద్దన్నారు కాబట్టి పేర్లు పెట్టడం లేదు.

మాది పూతలపట్టు దగ్గర పల్లె. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకదానిలో టెక్నీషియన్ పోస్టుకు సెలెక్ట్ అయ్యాను. రాత పరీక్ష, స్కిల్ టెస్టు, సర్టిఫికెట్ల వెరిఫికేషన్ అన్నీ అయ్యాయి. చివర్లో పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది, అది సవ్యంగా పూర్తయితేనే సెక్యూరిటీ క్లియరెన్స్, అది వస్తేనే ఉద్యోగం. దానికి ముందే అటెస్టేషన్ ఫారం నింపించుకుంటారు. మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా, మీ మీద ఎప్పుడైనా కేసు నడిచిందా, ఇప్పుడు ఏదైనా పెండింగులో ఉందా అని విడివిడిగా గడులుంటాయి. తప్పుడు సమాచారం ఇచ్చినా, ఉన్నది దాచినా ఉద్యోగానికి అనర్హులవుతారని ఫారం మొదట్లోనే హెచ్చరిక ఉంటుంది. అన్ని గడుల్లోనూ నేను 'లేదు' అని రాశాను.

కానీ కేసు ఉండింది. 2018లో మా తోతాపురి తోట గట్టు దగ్గర పక్క తోట వాళ్లతో గొడవైంది. ఐపీసీ 341, 323, 447 (దారికి అడ్డుపడటం, కొట్టడం, వేరేవాళ్ల స్థలంలోకి చొరబడటం) కింద ఎఫ్ఐఆర్ కట్టారు. మా వైపు ఐదుగురి పేర్లు రాయించారు, నాలుగో పేరు నాది. ఆ రోజు నేను తిరుపతిలో హాస్టల్లో ఉన్నాను. పల్లెటూళ్ల సంగతి తెలిసిందే కదా, కొట్టుకునేది ఇద్దరైతే కాగితం మీద ఇంటిల్లిపాదీ ఎక్కుతారు. నన్ను అరెస్టు చేయలేదు, పోలీసుల ముందు హాజరవమనే 41-ఏ నోటీసు ఇచ్చి సంతకం పెట్టించుకున్నారు. 2019 డిసెంబర్‌లో చిత్తూరులో లోక్ అదాలత్‌లో రాజీ అయింది. "కేసు పోయింది, ఇంక దాని ఊసెత్తొద్దు" అన్నాడు నాయన. 2024లో ఫారం నింపేటప్పుడు ఆ గడి దగ్గర నా పెన్ను కాసేపు ఆగింది. పోయిన కేసు లేనట్టే కదా అనుకుని రాసేశాను.

వెరిఫికేషన్‌లో అది బయటపడింది. వాస్తవాలు దాచినందుకు మీ సెలెక్షన్ ఎందుకు రద్దు చేయకూడదో, ఈ నోటీసు అందిన 15 రోజుల్లో చెప్పండి అని షోకాజ్ నోటీసు వచ్చింది.

ఆ రాత్రే కూర్చుని నాలుగు పేజీలు రాశాను. ఏడుస్తూ రాశాను కాబట్టి అదంతా ఏడుపులాగే ఉంది. మా ఇంటి పరిస్థితి, నాయన అప్పులు, పక్క తోట వాళ్లు ఎంత అన్యాయం చేశారు, నేను ఎంత కష్టపడి చదివాను, అన్నీ కలిపి, చివర్లో 'అసలు ఈ కేసు సంగతి నాకు తెలియనే తెలియదు' అని ముగించాను. అది అబద్ధమని నాకు తెలుసు, అయినా అదొక్కటే నన్ను కాపాడుతుందనుకున్నాను. చుట్టాల్లో ఒకాయన ఎమ్మెల్యే లెటర్ పెట్టిద్దాం అన్నాడు. మన తిరుపతి వైపు ఏ పనికైనా ముందు గుర్తొచ్చేది ఆ లెటరే కదా.

మూడో రోజు నా ఫ్రెండ్ నన్ను తిరుపతికి తీసుకెళ్లి వాళ్ల అబ్బ (తాత) ముందు కూర్చోబెట్టింది. మొదటి దండం ఆమెకు, రెండోది ఆ పెద్దాయనకు. ఆయన ఒక ఆఫీసులో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో పనిచేసి సూపరింటెండెంట్‌గా రిటైరయ్యారు, అంటే ఇలాంటి నోటీసులు పంపే కుర్చీలో కూర్చున్న మనిషి. నా నాలుగు పేజీలూ చదివి, పక్కనున్న ఎర్ర పెన్సిల్ తీసి, ఆఖరి వాక్యం చుట్టూ గుండ్రంగా గీత గీశారు.

"అమ్మాయ్, లోక్ అదాలత్‌లో సంతకం పెట్టింది నువ్వే కదా?"

"అవును తాతయ్యా."

"మరి తెలియదని ఎట్లా రాస్తివి? ఆ కాగితం రేపు వాళ్ల టేబుల్ మీదికొస్తే ఏం చెప్తావు? ఫారంలో రాసింది ఒక తప్పు. దాన్ని తెలిసో తెలియకో అనుకోవచ్చు. ఇది మాత్రం కావాలని చేసిందే అవుతుంది."

తలదించుకుని కూర్చున్నాను. ఆయన కోప్పడలేదు. కాఫీ తెప్పించి, నోటీసులో ఎన్ని పేరాలున్నాయో లెక్కపెట్టమన్నారు. నాలుగు ఉన్నాయి. అయితే నీ జవాబూ నాలుగు పేరాలే, వాళ్లు అడిగిన వరుసలోనే ఉండాలి అన్నారు. కేసు నమోదైన మాట నిజం, అంగీకరిస్తున్నాను. ఫారంలో 'లేదు' అని రాసిన మాట నిజం, అంగీకరిస్తున్నాను. దురుద్దేశంతో దాచానన్నది మాత్రం అంగీకరించను, కారణం ఇదీ. ఒప్పుకోవాల్సింది నాన్చకుండా ఒప్పుకుంటేనే, ఒప్పుకోనిదాన్ని వాళ్లు నమ్ముతారని ఆయన చెప్పిన మాటే నా జవాబును మార్చేసింది. 'పోయిన కేసు లేనట్టే అనుకున్నాను, ప్రశ్న ఎప్పుడైనా అని అడిగింది, ఇప్పుడు అని కాదు, ఆ తేడా గమనించకపోవడం నా పొరపాటు' అన్న వాక్యం నాతోనే నాలుగుసార్లు తిరగరాయించారు. పక్క తోట వాళ్ల మీద రాసిందంతా కొట్టేశారు. ఆ గొడవలో తప్పెవరిదో తేల్చడం ఆ ఆఫీసు పని కాదు, వాళ్లు చూసేది ఈ పిల్ల మాట నమ్మొచ్చా లేదా అని ఒక్కటే. నాయన అప్పులూ కొట్టేశారు. ఎమ్మెల్యే లెటర్ మాటెత్తితే మాత్రం కాస్త గట్టిగానే అన్నారు. సర్వీసులో చేరినవాళ్లు పైవాళ్ల మీద రాజకీయ ఒత్తిడి తేకూడదని ప్రవర్తనా నియమాల్లోనే ఉందట, చేరకముందే అదే పని చేస్తే నీ గురించి ఏమనుకుంటారు అని అడిగారు.

కవర్ పారేయొద్దని కూడా ఆయనే చెప్పారు. 15 రోజులు ఉత్తరం మీదున్న తేదీ నుంచి కాదు, మనకు అందిన రోజు నుంచి, దానికి రుజువు కవర్ మీది పోస్టాఫీసు ముద్రే.

మూడో దండం చిత్తూరు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నాకు ఇచ్చిన లాయరమ్మకు. ఆడవాళ్లకు అక్కడ ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారని నాకు అప్పటిదాకా తెలియదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం, సెక్షన్ 12. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. ఆమె ముందు కోర్టులో కాపీ అప్లికేషన్ వేయించి ఎఫ్ఐఆర్, చార్జిషీట్, లోక్ అదాలత్ అవార్డు (రాజీ ఉత్తర్వు) సర్టిఫైడ్ కాపీలు తీయించారు. తొమ్మిదో రోజుకు చేతికొచ్చాయి. రాకపోయి ఉంటే గడువు ముగిసేలోపే ఇంకొంత టైం కావాలని రాతపూర్వకంగా అడుగుదామని ఆ ఉత్తరం కూడా రెడీగా పెట్టారు. 'కోర్టు నన్ను నిర్దోషి అని తేల్చింది' అని నేను రాసుకొస్తే ఆమె మార్చారు. రాజీ అంటే విచారణ జరిపి నిర్దోషి అని తీర్పు చెప్పడం కాదు, అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 320(8) ప్రకారం దాని ఫలితం నిర్దోషిగా విడుదలవడంతో సమానం, అంతవరకే రాయి, ఎక్కువ రాస్తే అదొక కొత్త తప్పవుతుంది అన్నారు.

అవతార్ సింగ్ కేసు గురించి చెప్పింది కూడా ఆమే. 2016 జూలై 21న సుప్రీంకోర్టులో ముగ్గురు జడ్జీలు ఇచ్చిన తీర్పు అది. ఉద్యోగంలో చేరేవాళ్లు నిజమే చెప్పాలి, దాస్తే రద్దు చేసే అధికారం సంస్థకు ఉంటుంది. అయితే చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటివో, చిన్నచిన్న నేరాలో అయితే, అవి చెప్పి ఉన్నా ఆ పోస్టుకు అనర్హత కానివైతే, దాచిన తప్పును సంస్థ మన్నించవచ్చు అని అందులో ఉంది. 2022లో రైల్వే రక్షణ దళం (ఆర్‌పీఎఫ్) కానిస్టేబుల్ పవన్ కుమార్ కేసులో కూడా, దాచారన్న ఒక్క కారణంతో ముందూవెనకా చూడకుండా తీసేయకూడదని సుప్రీంకోర్టు చెప్పిందట. కానీ లాయరమ్మ నాకు ఆశ పెట్టలేదు. "మన్నించవచ్చు అంటే మన్నించి తీరాలని కాదమ్మా, అది వాళ్ల విచక్షణ. నీకు హక్కుంది అన్నట్టు రాయొద్దు, పరిశీలించమని అడుగు" అన్నారు. చివరి పేరా అలాగే రాశాం, స్వయంగా హాజరై చెప్పుకునే అవకాశం ఇమ్మని కూడా ఒక వాక్యం చేర్చాం.

ఇక నాలుగో మనిషి. ఈ పేరా రాయడానికి నాకు ఎక్కువ టైం పట్టింది.

ఆ రోజు నేను ఊళ్లో లేనని హాస్టల్ వాళ్లు రిజిస్టర్ చూసి సర్టిఫికెట్ ఇచ్చారు. అది చాలనుకున్నాం. కానీ కేసు పెట్టిన మనిషే చెబితే ఆ బలం వేరు అన్నారు లాయరమ్మ. గట్టు గొడవ తర్వాత ఏడేళ్లుగా మా రెండు ఇళ్ల మధ్య మాటల్లేవు. పండక్కి పిలుపుల్లేవు, దారిలో ఎదురైతే తల తిప్పుకోవడమే. నాయన వెళ్లనన్నాడు. నేనొక్కదాన్నే వెళ్లాను. కేసు పెట్టిన ఆ పక్క తోట మామ వసారాలో కూర్చుని డ్రిప్ పైపులకు జాయింట్లు బిగిస్తున్నాడు. నన్ను చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు. నోటీసు చేతికిస్తే కళ్లద్దాలు తెప్పించుకున్నాడు, ఇంగ్లీషులో ఉంటే మళ్లీ నాకే ఇచ్చి చదివి చెప్పమన్నాడు. చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అత్తను పిలిచి, "ఈ పిల్ల ఆ పొద్దు ఆడ లేనే లేదు కదమే" అన్నాడు. మరుసటి రోజు పొద్దున ఏడు గంటల బస్సుకు చిత్తూరు వచ్చి, కోర్టు ఎదురుగా నోటరీ దగ్గర అఫిడవిట్ మీద సంతకం చేశాడు. ఆ రోజు నేను అక్కడ లేనని, కోపంలో ఇంట్లో అందరి పేర్లూ చెప్పానని, రాజీ తన ఇష్టంతోనే చేసుకున్నానని. స్టాంపు పేపర్ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.

మామా, నువ్వు ఇది చదవవు, అత్తకు ఫోన్‌లో చదివి వినిపించమని మీ చిన్నోడికి చెప్పాను. నీకు నేను ఎంత రుణపడ్డానో నాకు తెలుసు.

జవాబు ఒకటిన్నర పేజీ, వెనక ఆరు కాగితాలు, ప్రతి కాగితం మీద అనుబంధం నంబరు, ఆ నంబరు జవాబులో ఏ వాక్యానికి రుజువో ఆ వాక్యం పక్కనే. పన్నెండో రోజు స్పీడ్ పోస్టులో పంపాం. ఆ తర్వాత మూడు నెలలు ఏ కబురూ లేదు. ఆ మూడు నెలలూ ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు, దాని గురించి ఎక్కువ రాయలేను. నిన్నటి ఉత్తరంలో, ఇకముందు ఇలాంటి పొరపాటు జరగకూడదని రాతపూర్వకంగా హెచ్చరించి, నా వివరణను పరిశీలించి సెలెక్షన్ కొనసాగిస్తున్నామని ఉంది. ఆ హెచ్చరిక నాకు న్యాయంగానే అనిపించింది.

కోర్టు దగ్గర డీటీపీ అన్నకూ థాంక్స్, ఏడుసార్లు మార్పించినా విసుక్కోలేదు.

ఇలాంటి నోటీసు చేతిలో పట్టుకుని ఎవరైనా కూర్చుని ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, పేర్లూ నంబర్లూ తీసేసి నా జవాబు పంపిస్తాను. ఫారం ఇంకా నింపనివాళ్లయితే, నింపకముందే పెట్టండి. సోమవారం నుంచి ట్రైనింగ్, కాబట్టి రాత్రి తొమ్మిది దాటాకే జవాబిస్తాను.