పడ్డయా కాక?

కొడుకా, మంచిగున్నవా. అమ్మకు మోకాళ్ల నొప్పి మామూలే, మిగతా అంతా మంచిదే. మొన్న ఫోన్ల నువ్వు గరమైనవ్, నేను కట్ చేసిన, నీతోటి మాటకు మాట అనరాదు నాకు. గందుకే ఇట్ల మైక్‌ల మాట్లాడితే అదే టైప్ అయితంది, తప్పులుంటే ఏమనుకోకు.

రైతు భరోసా, గదే సర్కారిచ్చే పెట్టుబడి పైసలు, పడ్డది. పంటకు ఎకరానికి 6 వేల లెక్కన మన 3 ఎకరాల 10 గుంటలకు 19,500. పోయిన వానకాలానిది రానే లేదు గని ఈసారి జూన్ల నాట్లకు ముందే ఏసిండ్రు. ఆ పైసలు తెచ్చి మన పొలం కౌలుకు చేసే పిలగానికి ఇచ్చిన. పట్టా మనది, పైసలు మనయి, వానికెందుకిచ్చినవ్ అన్నవు. కాగితం మీద నువ్వన్నదే కరెక్టు.

యాదికుందా, 2018 మే 10 నాడు మన హుజూరాబాద్ మండలం శాలపల్లి కాడనే కేసీఆర్ రైతుబంధు షురూ చేసిండు, అప్పుడు ఎకరానికి 4 వేలు, నాకు 13 వేల చెక్కు అచ్చింది, బ్యాంకు కాడ లైన్ల నిలబడి తెచ్చి అదే పైసలతోటి విత్తనాలు, డీఏపీ కొన్న. పెట్టుబడి సాయం అని పేరు పెట్టిండ్రు, అప్పుడు నాకది నిజంగ పెట్టుబడే. తర్వాత 5 వేలైంది, నాకు ఆపరేషనైంది, బురదల దిగుడు బందైంది, పైసలు మాత్రం నాకే పడవట్టె. కుర్చీల కూసున్నోనికి పెట్టుబడి ఏందిరా? 2023 ఎలక్షన్ల ముందు కాంగ్రెసోళ్లు రైతుబంధును రైతు భరోసా చేసి ఎకరానికి ఏడాదికి 15 వేలు, కౌలోళ్లకు సుత ఇస్తం అన్నరు, 15 పోయి 12 అయింది, కౌలోని ముచ్చట ఎవ్వరెత్తుత లేరు. ఎవలనో ఎందుకంటవ్, ఈ పిలగాడే ఒకపారి "కౌలు కాగితం రాసుకుందాం కాక" అంటే, పేరెక్కితే రేపు భూమి పోతదేమో అని నేనే దాటేసిన. నీకిది చెప్పలేదు నేను.

యాసంగి వడ్లు కొనుగోలు సెంటర్ల పోసినప్పుడు వాన కొట్టింది. కుప్ప అంచుకు మొలకలచ్చినయి, వాడు రెండు దినాలు పరదా కప్పుడు తీసుడు, ఎండవోసుడు మల్ల కుప్పజేసుడు, చేతులు నాని తెల్లగైనయి. తీరా తూకమైనంక ఓటీపీ నా ఫోనుకే అచ్చె, నేను చెట్టు కింద చాయ్ తాగుకుంట నంబర్ చెప్పిన, పైసలు నా ఖాతల పడె. వాని వడ్ల పైసల కోసం వాడు నా ఇంటిముందటికచ్చి నిలబడాలె.

ఇగ భరోసా మెసేజ్ అచ్చిన పొద్దు నేను ఒడ్డు మీద ఉన్న, వాడు గెట్టు చెక్కుతుండు. ఫోన్ టింగుమన్నది. "పడ్డయా కాక?" అన్నడు. పడ్డయిరా అన్న. మల్ల ఒక్క మాట అనలె, పార పట్టుకొని వంగిండు. ఆ వంగుడు నాకు రాత్రంత కండ్లల్లనే ఉంది.

నువ్వే చెప్పినవ్ గదా పోయిన దసరాకు, మీ అయోవాల నీ ఇంటి ఓనర్‌కు మక్క చేన్లున్నయని, కౌంటీకో ఆఫీసు ఉంటదని, కౌంటీల ఎకరం మీద రాబడి పడిపోతే సర్కారు పైసలిస్తదని, అవి గూడ మల్లచ్చే ఏడు అక్టోబర్ల గని రావని. ఇంకో మాట గూడ అన్నవు, నగదు కౌలుకిస్తే ఆ పైసలు దున్నేటోనికే, భూమి ఓనర్‌కు రావు, పాలుకిస్తే ఇద్దరు పంచుకుంటరని. అప్పుడు నువ్వు ఎంత మెచ్చుకుంట చెప్పినవ్‌రా. అక్కడ మంచిదైంది హుజూరాబాద్‌ల చెడ్డదెట్లయితది?

నీకు చెప్పకుంట ఇచ్చుడు నా తప్పే, ఒప్పుకుంట. దీపావళికి నువ్వు అచ్చినంక ముగ్గురం కూసొని ఆ కౌలు కాగితం రాద్దాం, నువ్వే సాక్షి సంతకం పెట్టు.

అమ్మ మామిడికాయ తొక్కు పంపుత అంటంది, అక్కడ ఎయిర్‌పోర్టుల ఆపుతరా ఏంది అడుగు.

మీ బాపు