ఆ నూనె సీసాల గురించి, నాన్న

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

బాబు ఏడుపుతో ఫోన్‌లో మాట సగంలో ఆగిపోయింది. అందుకే రాస్తున్నాను. నిద్ర పట్టడం లేదని, లావెండర్ నూనె, పూల చుక్కలు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నానని అన్నావు. వాడొచ్చా అని అడిగావు. ఇన్నేళ్లు మందుల షాపులో కూర్చున్నవాడిగా నాకు తెలిసింది చెప్తాను.

వాసనకి బలం ఉంది తల్లీ. చూసినవీ విన్నవీ మెదడులో ఒక మజిలీ దాటాకే లోపలికి పోతాయి. వాసన మాత్రం ముక్కు నుంచి దాదాపు నేరుగా, జ్ఞాపకాలనీ భయాలనీ చూసుకునే భాగాలకి చేరుతుంది. మరువం వాసన తగలగానే నీకు అమ్మమ్మ జడ గుర్తొచ్చేది అందుకే. లావెండర్ పీలిస్తే కొందరికి మనసు కుదుటపడుతుందని చిన్న చిన్న పరీక్షల్లో కనిపించింది. గట్టిగా చెప్పేంత ఆధారం లేదు. అలవాటు తోడైతేనే అది పనిచేస్తుందని నా నమ్మకం. నువ్వు పడుకునే ముందు మాత్రమే ఆ వాసన చూడు. కొన్నాళ్లకి, ఆ వాసన రాగానే ఒళ్లు దానంతట అదే నిద్రకి సిద్ధపడుతుంది. పగలంతా డిఫ్యూజర్, అదే నూనె వాసనని గదంతా పరిచే పరికరం, వెలిగించి ఉంచితే మాత్రం తలనొప్పే మిగులుతుంది.

నూనెని ఎప్పుడూ ఉత్తగా ఒంటికి రాయకు. రెండు పెద్ద చెంచాల కొబ్బరినూనె, అంటే 30 మిల్లీలీటర్లలో, ఆరు చుక్కలు కలిపితే ఒక శాతం అవుతుంది. పాలిచ్చే తల్లివి, నీకు అంతకంటే వద్దు. వేళ్ల సందుల నుంచి మడమ దాకా, బొటనవేలితో కాస్త నొక్కుతూ పాదాలకి రాయమని అల్లుడికి చెప్పు. నేను చెప్పానని చెప్పు. ఆ పది నిమిషాలు నీ కోసం ఒకరు కూర్చోవడంలోనే సగం హాయి ఉంది. ఛాతీ మీద మాత్రం రాయొద్దు, బాబు నోట్లోకి పోతుంది.

బాబు సంగతిలో ఎవరు చెప్పినా వినకు. నీలగిరి తైలం, కర్పూరం వాడి దగ్గరికి రానివ్వొద్దు. జలుబు చేసిందని పక్కింటావిడ కర్పూరం, వాము మూట కట్టి ఉయ్యాలకి వేలాడదీయమంటుంది. నవ్వి ఊరుకో. కర్పూరం కొంచెం మింగినా పసిపిల్లలకి ఫిట్స్ వస్తాయి. నీలగిరి తైలం ముక్కు దగ్గర రాసినా ఊపిరికి ఇబ్బంది. మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో మొదలుపెట్టిన అమృతాంజనం అంటే నాకెంత ఇష్టమో నీకు తెలుసు. అందులోనూ ఈ దినుసులు ఉంటాయి. అది రాసుకున్న చేత్తో వాణ్ణి ఎత్తుకోకు. సీసాలన్నీ తాళం వేసే అరలో పెట్టు.

పూల చుక్కల కథ వేరు. 1930లలో ఎడ్వర్డ్ బాక్ అనే ఇంగ్లండ్ డాక్టరు తయారుచేసిన 38 రకాలు అవి. ఊటనీళ్లలో పూలు వేసి ఎండలో ఉంచడం, ఆ నీళ్లలో బ్రాందీ కలపడం, అందులోంచి రెండు చుక్కలు మళ్లీ 30 మిల్లీలీటర్ల బ్రాందీలో వేయడం. చివరికి పువ్వు అన్నది లేనట్టే. ఉత్తుత్తి చుక్కలతో పోల్చి చూసినప్పుడు తేడా కనబడలేదు. ఆయన మంచి మనసుతోనే చేసి ఉండొచ్చు. కానీ నువ్వు బ్రాందీ చుక్కలు నాలుక మీద వేసుకోవడం నాకు ఇష్టం లేదు. వాటిని పక్కన పెట్టు.

ఇంకో మాట. ఊరికే ఏడుపు రావడం, బాబు నిద్రపోయినా నీకు నిద్ర పట్టకపోవడం, ఏదీ వద్దనిపించడం రెండు వారాలు దాటితే ఏ నూనెకీ అప్పజెప్పకు. కాన్పయ్యాక చాలామంది తల్లులకి వచ్చేదే అది, వైద్యం ఉంది. నీ డాక్టరుగారికి దాచకుండా చెప్పు. అర్ధరాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416, ప్రభుత్వం వాళ్ల టెలీమానస్, తెలుగులోనూ మాట్లాడతారు. నాకు ఫోన్ చేసినా సరే, ఏ టైమైనా.

లావెండర్ సీసా మీద 'లావండ్యులా అంగుస్టిఫోలియా' అని, అంటే ఆ మొక్క శాస్త్రీయ నామం, ఉందేమో చూడు. ఉత్త 'ఫ్రాగ్రెన్స్ ఆయిల్' అని ఉంటే వెనక్కి పంపేయ్. లేబుల్ ఫోటో నాకు పెట్టు. అమ్మ శుక్రవారం శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో వస్తోంది. రాత్రిళ్లు బాబుని తను చూసుకుంటుంది, నువ్వు పక్క గదిలో తలుపేసుకుని పడుకో.

నాన్న