నాన్నగారికి, బల్ల మీద కనిపించిన దాని గురించి

హారిస్‌బర్గ్,
పెన్సిల్వేనియా

నాన్నగారికి నమస్కారాలు.

నేను బాగానే ఉన్నాను. మొన్న వీడియో కాల్‌లో నా వెనక బల్ల మీద రివాల్వర్ కనిపించినప్పటి నుంచి అమ్మకు నిద్ర లేదని చెల్లి చెప్పింది. మీరు మాత్రం ఏమీ అనలేదట. మీరు ఏమీ అనకపోతేనే నాకు టెన్షన్. అందుకే ఈ ఉత్తరం. తీరిగ్గా చదివి అమ్మకు మీ మాటల్లో చెప్పండి.

అది నాది కాదు, పక్కింటి పెద్దాయనది. కోల్ట్ కంపెనీ 1860లో తెచ్చిన ఆర్మీ మోడల్‌కి నకలు. ఇటలీలో బ్రెషా దగ్గర గార్డోనే అనే ఊళ్లో ఇలాంటివి చేస్తారు. ఇప్పటి తూటాలు దానికి పట్టవు. సిలిండర్ గదుల్లో ముందు నుంచి నల్లటి తుపాకీ మందు పోసి, సీసం గుండు దట్టించి, వెనక దెబ్బ తగిలితే పేలే చిన్న రాగి క్యాప్ తొడగాలి. మాకు దగ్గర్లోని గెటిస్‌బర్గ్‌లో అమెరికా అంతర్యుద్ధంలో, 1863 జూలైలో మూడు రోజులు యుద్ధం జరిగింది కదా, ఆనాటి దుస్తులు వేసుకుని దాన్ని ఆడి చూపించేవాళ్లలో ఈయన ఒకడు. 1968 నాటి ఇక్కడి కేంద్ర చట్టం ఇలాంటివాటిని పాతకాలపు వస్తువుల లెక్కలో వేసింది. అలాగని బొమ్మలు కావు, ప్రాణం తీయగలవు. బాగుచేయడానికి నా బల్ల మీదికి వచ్చేది సిలిండర్ ఊడదీసిన చట్రం ఒక్కటే. మందూ గుళ్లూ ఆయన ఇంట్లోనే తాళం వేసి ఉంటాయి. అమ్మ చూసిందీ ఆ ఖాళీ చట్రాన్నే.

ఆఫీసు మామూలే. ప్రాజెక్టు మారింది, మేనేజరు మారలేదు.

నాన్నా, దాని లోపల కమానులున్నాయి! మన షెడ్డులో లారీలకు వేసే పట్టీల్లాంటివే, వేలెడంత. ట్రిగ్గరుకూ, సిలిండర్‌ను నిలబెట్టే బోల్టుకూ కలిపి ఒకటే పట్టీ. దాన్ని చీల్చి రెండు కాళ్లు చేస్తారు. బోల్టు వైపు కాలు విరిగింది. భూతద్దం పెట్టి చూస్తే పగులు చీలిక మూలలోనే, గరుకు గీత పడిన చోటే మొదలైంది. ఆటోనగర్‌లో విరిగిన కట్ట రాగానే మీరు ముందు సెంటర్ బోల్టు రంధ్రం చుట్టూ వేలితో తడిమేవారు. నేనూ అలాగే తడిమాను.

దాని బదులు తీగ వంచి చేసిన స్ప్రింగ్ వేశాను, అవి రెడీమేడ్‌గా దొరుకుతాయి. ఒత్తిడి తీగంతా పంచుకుంటుంది కాబట్టి త్వరగా విరగదు, ట్రిగ్గరు కూడా మెత్తబడింది. సిలిండర్‌ను తిప్పే కొక్కేనికి వెనక మరో పలుచని పట్టీ ఉంటుంది, అదీ తరచూ పోయేదే. చట్రానికి రంధ్రం చేసి అక్కడ చుట్ట స్ప్రింగ్ పెట్టేవాళ్లున్నారు. రూగర్ అనే తుపాకుల కంపెనీ వాళ్లు 1972లో తెచ్చిన ఓల్డ్ ఆర్మీ రివాల్వర్‌లో మొదటి నుంచీ చుట్ట స్ప్రింగులే. ఒకరి వస్తువుకి చిల్లు పెట్టడం నాకిష్టం లేదు, పాతలాంటి పట్టీయే కొత్తది వేశాను.

గొడవల్లా క్యాప్ మీద కొట్టే హ్యామర్‌ను ఆడించే పెద్ద కమాను దగ్గరే. ఆ హ్యామర్‌ను ప్రతిసారీ బొటనవేలితో వెనక్కి లాగాలి. ఆయనకు బొటనవేలి కీలు నొప్పి, బాగా తేలిక చేయమంటాడు. ఇక్కడ చాలామందికి తేలికైతే చాలు, మెరుగైందని నమ్మకం. అది మరీ మెత్తబడితే క్యాప్ పేలదు. పేలినా వెనక్కి తన్నే గ్యాసుకు హ్యామర్ లేస్తుంది, చిట్లిన క్యాప్ ముక్క లోపల పడి మొత్తం బిగుసుకుపోతుంది. అంచులు మాత్రం కాస్త అరగదీశాను. పొడవు వైపే రుద్దుతూ, అడ్డంగా ఒక్క గీత కూడా పడకుండా, వేడెక్కకుండా నీళ్లలో ముంచుతూ. అంతకుమించి ఒప్పుకోలేదు. ఆయన అలిగాడు, కాల్చి వచ్చాక మామూలయ్యాడు.

బీపీ మాత్రలు మానలేదు కదా? షెడ్డు అద్దె ఈ నెలైనా ఇచ్చారా?

ఆయన భార్య పోయిన దగ్గర్నుంచి ఒక్కడే. ఆ తుపాకీ మందు మసి తేమ లాగి ఇనుమును తినేస్తుంది కాబట్టి కాల్చిన రోజే వేడి సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయాలి. ఆ పని ఇద్దరం చేస్తాం. తర్వాత సూప్ పెడతాడు, నాకు మాంసం లేకుండా విడిగా. ఇక్కడ శీతాకాలంలో ఐదు దాటితే చీకటి. ఆదివారం ఆ గ్యారేజీ లేకపోతే నేను గోడలతో మాట్లాడాలి. ఇది అమ్మకు చెప్పొద్దు.

చెల్లి సీమంతానికి రాలేను, వీసా స్టాంపింగ్ సంగతి తేలలేదు. డబ్బు పంపాను. పెళ్లిచూపుల వాళ్లకు ఈ రివాల్వర్ కథ చెప్పొద్దని అమ్మతో గట్టిగా అనండి.

ఒక సంగతి అడగాలి. విరిగిన పట్టీలాంటిది కొత్తది మనమే చేద్దామంటాడు ఆయన. ఎర్రగా కాల్చి నూనెలో ముంచడం వరకు నాకు తెలుసు. తర్వాత నీలం రంగు వచ్చేదాకా మళ్లీ వేడి చేయాలంటారు. మీరు రంగు చూసేవారు కాదు, నూనె పూసి అది మండి ఆరిపోయేదాకా చూసేవారు. ఇంత పలుచని పట్టీకి అది సరిపోతుందా? ఎన్నిసార్లు మండించాలి? రాసి పంపండి. ఫోన్‌లో వద్దు, అమ్మ వింటుంది.

మీ
చిన్నోడు