పేరు ఒక్క సినిమాతో రాలేదు సార్

ఎడిటర్ గారికి నమస్తే. మొన్న ఆదివారం బుక్కులో సైన్స్ ఫిక్షన్ రచయితల మీద వేసింది చదివా, బానే ఉంది గానీ ఆర్థర్ సి క్లార్క్‌కి 1968లో వచ్చిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' సినిమాతోనే పేరంతా వచ్చేసినట్టు ఒక్క లైన్లో తేల్చేశారు, అది నాకు నచ్చలా.

మా నెల్లూరోళ్లకి ఆయన సంగతి ఇంకోలా తెలియాలి. రాకెట్ ఉందంటే చాలు మా వీధిలో పిలకాయలు, ముసలోళ్లు అందరం మిద్దెలెక్కి దక్షిణం వైపు చూస్తా నిలబడతాం (జిల్లాలు చీల్చినాక శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్ తిరుపతి జిల్లాలోకి పోయింది, పోతే పోయింది, రాకెట్ మాత్రం మాదే). అట్టా పోయే టీవీ శాటిలైట్లు చివరికి చేరేది దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తుకి, ఆడ ఉంటే భూమితో పాటే తిరుగుతా ఒకే చోట నిలబడినట్టు ఉంటాయి, అందుకే మనం డిష్ ఒకసారి బిగిస్తే మళ్లీ తిప్పే పని లేదు. ఇట్టాంటివి మూడు పెడితే ప్రపంచమంతా సిగ్నల్ అందుద్దని క్లార్క్ 1945 అక్టోబర్లోనే వైర్‌లెస్ వరల్డ్ అనే పత్రికలో రాశాడు, అప్పటికి మొదటి శాటిలైట్ స్పుత్నిక్ కూడా లేదు! అది కథ కూడా కాదు, వ్యాసం. 1964లో సింకామ్ 3 అనే శాటిలైట్ నిజంగా ఆడ నిలబడినాక ఆ పాత వ్యాసానికి విలువ పెరిగింది. 1975లో సైట్ (SITE) అనే ప్రయోగం కింద మన ఆంధ్రా పల్లెలకి శాటిలైట్ టీవీ వచ్చినప్పుడు ఇస్రో వాళ్లు కొలంబోలో ఆయన ఇంటికి కూడా ఒక డిష్ పెట్టించారు, ఆ వ్యాసం రాసి అప్పటికి ముప్పై ఏళ్లు.

అన్నీ కరెక్టుగా చెప్పాడని కాదు. అప్పటి రేడియోల్లో వాడే గాజు బల్బుల్లాంటి వాల్వులు కాలిపోతే మార్చేదానికి పైన మనుషులు కాపురం ఉండాలనుకున్నాడు, వాటి బదులు ట్రాన్సిస్టర్ వస్తదని ఆయనకేం తెలుసు పాపం. ఇంకోటి, ఆ ఎత్తులో స్టేషన్ పెట్టొచ్చని ఆయన కంటే ముందే పొటోచ్నిక్ అనే ఇంజనీరు పుస్తకం రాసి 1929లోనే చనిపోయాడు, ఆయన పేరు ఎంతమందికి తెలుసు చెప్పండి.

ఈసారి జీఎస్‌ఎల్‌వీ రాకెట్ వార్త వేసేటప్పుడు షార్‌కి ఏ వీఐపీలు వచ్చారనే లిస్టు కొంచెం తగ్గించి, ఆ కక్ష్యని క్లార్క్ ఆర్బిట్ అని కూడా అంటారని చిన్న బాక్స్ కట్టండి సార్. మిద్దె మీద పిలకాయలు అడిగితే చెప్పేదానికి మా వీధిలో నేనొక్కడినే ఉండా.

ఇట్లు,
మీ పాఠకుడు, మూలపేట, నెల్లూరు