కుక్క పళ్ల జబ్బు చిగురు కింద ఉంటుంది

సంపాదకులకు,

తిరుపతిలోనూ చిత్తూరులోనూ కుక్క పళ్లు గట్టిగా ఉండాలంటే ఏం పెట్టాలని అడిగితే, అంగట్లో కాల్షియం సీసా చేతిలో పెడుతున్నారు. దాంతో ఒరిగేదేమీ లేదు. పంటి మీది పింగాణీ పొర, పన్ను ఇంకా చిగురు లోపల ఉండగానే తయారైపోతుంది. బయటికొచ్చాక ఎన్ని సీసాలు పోసినా అది మళ్లీ పుట్టదు. పైగా పెద్ద జాతి కూనలకు కాల్షియం మోతాదు మించితే ఎముకల ఎదుగుదలే దెబ్బతింటుంది. కూన పళ్లు బాగా రావాలంటే 6 నుంచి 8 వారాల వయసులోనే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బుకు టీకా మొదలుపెట్టించాలి. చిన్నప్పుడే ఆ జబ్బు చేసి బతికిన కూనలకు శాశ్వత పళ్లు గుంటలు పడి, గోధుమ రంగు మరకలతో రావచ్చు.

కూనకు 28 పాల పళ్లు. నాలుగో నెల నుంచి ఊడుతూ, ఏడో నెలకల్లా 42 శాశ్వత పళ్లు వచ్చేస్తాయి. పొమేరియన్, షిట్జూ లాంటి చిన్న జాతుల్లో పాల కోర ఊడకముందే కొత్త కోర పక్కన మొలుస్తుంటుంది. జంట కోరలు కనిపిస్తే అదే ఊడుతుందిలే అని కూర్చోకుండా డాక్టరు చేత తీయించాలి.

మనకులాగా కుక్కలకు పళ్లు పుచ్చడం అరుదు. వాటి లాలాజలంలో క్షారగుణం ఎక్కువ. పుచ్చు పట్టనివ్వని ఆ గుణమే గార పట్టడానికి తోడవుతుంది. పంటి మీద పాచి కొన్ని గంటల్లోనే పేరుతుంది. తుడవకపోతే రెండు మూడు రోజుల్లో లాలాజలంలోని ఖనిజాలు చేరి గారగా బిగుసుకుంటుంది. పాచి వేలితో రుద్దినా వస్తుంది, గార బ్రష్‌కు లొంగదు. చిగురు కిందికి దిగిన పాచి వల్ల పన్నును పట్టి ఉంచే ఎముక కరుగుతుంది. సంగటి, పెరుగన్నం తినే కుక్కకే ఈ బాధ, మాంసం తినేదానికి లేదనుకోవడం పొరపాటు.

ఎక్కడ చూడాలి? పైపెదవిని చెవి వైపు లాగితే, కంటికి సూటిగా కింద ఒక పెద్ద దవడ పన్ను కనిపిస్తుంది. లాలాజలం గొట్టం దాని పక్కనే తెరుచుకుంటుంది కాబట్టి గార ఎక్కువగా అక్కడే పేరుకుంటుంది. చిగురు అంచున ఎర్రదారం పెట్టినట్టు సన్నటి గీత ఉంటే వాపు మొదలైనట్టే. నోటి కంపు కుక్క లక్షణమేమీ కాదు, జబ్బు లక్షణం. ఆ పంటి వేరు కొస కంటి కిందే ఉంటుంది. అందుకే అక్కడ చీము పడితే కంటి కింద చెంప ఉబ్బుతుంది. కంట్లో చుక్కలు వేస్తే ఆ వాపు తగ్గదు.

బ్రష్ రోజూ చేయాలి, వారానికోసారి చేస్తే ఆలోపే పాచి గారైపోతుంది. మొదటి వారం బ్రష్ వద్దు. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి వేయకుండా కోడిమాంసం ఉడికించిన నీళ్లలో వేలు ముంచి, పెదవి కింద నాలుగు సార్లు రాసి వదిలేయండి. రెండో వారం వేలికి పలుచటి గుడ్డ చుట్టి రుద్దండి. ఆ తర్వాతే చిన్నపిల్లల మెత్తటి బ్రష్, దాని మీద శనగ గింజంత కుక్కల పేస్టు. నోరు తెరిపించాల్సిన పని లేదు, అక్కడే చాలామంది ఓడిపోతారు. మూతి మూసే ఉంచి, పెదవి ఎత్తి, కుచ్చును చిగురు అంచుకు ఏటవాలుగా ఆనించి చిన్న సున్నాలు చుడుతూ కోర నుంచి వెనక్కి పోవాలి. బయటి వైపు చాలు, లోపలి వైపు చాలామటుకు నాలుకే చూసుకుంటుంది. ఒక్కో పక్కకు ఒక నిమిషం. చిగురు కొంచెం వాచి ఉంటే మొదట్లో కాస్త రక్తం అంటవచ్చు. వారం దాటినా ఆగకపోయినా, కుక్క నొప్పితో మూతి తిప్పేసుకున్నా బ్రష్ ఆపి డాక్టరుకు చూపించాలి.

మన పేస్టు మాత్రం వద్దే వద్దు. కుక్కకు ఉమ్మడం రాదు, అంతా మింగేస్తుంది. కొన్ని పేస్టుల్లో ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం కొద్దిగా పోయినా రక్తంలో చక్కెర పడిపోతుంది, కాలేయం కూడా పాడవుతుంది. ఉప్పు, బొగ్గుపొడి, వంటసోడా కూడా పనికిరావు.

బొమికల మాటకొస్తే, పళ్లు శుభ్రం చేస్తాయని వేసేవాళ్లు ఎక్కువ. కుక్క పింగాణీ పొర మనదానికన్నా పలుచన. గట్టి బొమికను దవడతో కొరికినప్పుడు ఆ పెద్ద పన్నే పెచ్చులా చీలుతుంది. ఉడికిన కోడి బొమిక ముక్కలైతే సూదుల్లా గొంతులోనో పేగులోనో దిగుతాయి. కొరకడానికి ఏదిచ్చినా గోరు నొక్కితే కాస్త లోపలికి దిగాలి, అంతే లెక్క.

గార పట్టిన పళ్లను మత్తు లేకుండా ఇనప కొక్కేలతో గీకి తెల్లగా చేసి పంపడం కూడా జరుగుతోంది. పైకి మెరుస్తుంది, చిగురు కిందిది కిందే ఉంటుంది. పాలిష్ చేయకుంటే ఆ గీతల్లో పాచి ఇంకా తొందరగా పడుతుంది. సరైన శుభ్రత అంటే రక్తపరీక్ష చేసి, మత్తిచ్చి, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోకుండా శ్వాసనాళంలో గొట్టం వేసి, చిగురు లోపలి దాకా గీకడం. 1955 నుంచి పశువైద్య కళాశాల, 2005 నుంచి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్లో కుక్క నోటిని అంగట్లో గీకించుకోవడం ఏమిటో!

పశుసంవర్ధక శాఖకు ఒక మనవి. ఏటా జూలై 6న, జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల గురించి జరిపే జూనోసిస్ దినోత్సవం నాడు కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తున్నారు. సూది వేసి పంపేముందు, కరవని కుక్కకు పెదవి ఎత్తి ఆ ఒక్క దవడ పన్ను యజమానికి చూపిస్తే పది సెకన్ల పని. అదే నోటితో ఇంకొకటి కూడా చెప్పాలి. కుక్క ఉన్నట్టుండి చొంగ కారుస్తూ, కింది దవడ వేలాడేసి, నీళ్లు మింగలేకుంటే బొమిక ఇరుక్కుందనుకుని నోట్లో చెయ్యి పెట్టకూడదు. రేబిస్ కూడా అలాగే కనబడుతుంది. చొంగ గాయానికి తగిలితే సబ్బు పెట్టి పారే నీళ్లలో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇట్లు,
కొందరు పశువైద్యులు, తిరుపతి